హాల్లో ఊపిన తల

మిల్లు వెనక వీధి,
మెట్ల పక్క ఇంటి నుంచి

చెల్లెలు చిట్టికి అక్క రాయించునది.

సైరనమ్మ అని ఈ వీధంతా పిలిచే నేను, వయసు డెబ్బై దాటి నాలుగేళ్ళో ఐదేళ్ళో, మిల్లులో నూలు వడికే ఫ్రేముల దగ్గర పని చేసి మానినదాన్ని, భర్త పోయినదాన్ని, ఇద్దరం ఉండాల్సిన ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నదాన్ని, నా బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరూ ఎగదోయకుండా చెప్తున్నాను. టైపు మాస్టారు రాస్తున్నారు. ఈయన ఒకప్పుడు టైపు నేర్పేవారు, ఇప్పుడు మూల మీద జిరాక్సులు తీస్తున్నారు. నేనన్న మాట అన్నట్టే రాస్తానని ఒప్పుకున్నాకే కుర్చీ వేశాను. మొదటి వరుసలోనే "ప్రియమైన" అని రాశారు. కొట్టేయించాను. ప్రియమో కాదో ఉత్తరం అయ్యాక తేలుతుంది.

సంగతికి వస్తాను. క్రితంసారి మీరంతా విమానం దిగి వచ్చినప్పుడు మీ అల్లుడు పెద్ద హాలు మాట్లాడాడు. బంధువులందరినీ ఒకేచోట చూసేస్తే ఇల్లిల్లూ తిరిగే పని తప్పుతుందని ఆయనగారి ఉపాయం. విమానాశ్రయాల్లో పెట్టెలు తిరిగే బెల్టులు బిగించే మనిషి కదా, మనుషుల్నీ అలాగే తిప్పాడు. ఒకళ్ళు ఎక్కడం, ఫొటో, దిగడం, ఇంకొకళ్ళు ఎక్కడం. నా వంతు వచ్చినప్పుడు నన్ను నీ పక్కన సోఫాలో కూర్చోబెట్టారు. అప్పుడు అడిగాను నిన్ను. "చిట్టీ, తిరిగింది చాలు. మళ్ళీ వచ్చినప్పుడు నా దగ్గర ఉండిపోతావా? మెట్ల పక్క గది ఖాళీ చేయిస్తాను" అన్నాను. నువ్వు తల ఊపావు. విన్నావో లేదోనని ఇంకోసారి అడిగాను. ఇంకోసారీ ఊపావు, నవ్వుతూ.

మనం పనిచేసిన చోట తల ఊపడమంటే ఏమిటో నీకు చెప్పక్కర్లేదు. మాస్టారికి తెలియదు గనక రాయిస్తున్నాను. ఫ్రేములు తిరుగుతుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదు. ఆడవాళ్ళం పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళం, తలతో జవాబిచ్చేవాళ్ళం. నా బదులు రేపటి షిఫ్టు చేస్తావా అని అడిగితే, తల ఊపినదానికి జ్వరమొచ్చినా వచ్చి చేయాల్సిందే. ఊపి తప్పినదానితో ఆ వరుసలో ఎవరూ పెదవి కదిపేవాళ్ళు కాదు. అంతకంటే శిక్ష అక్కడ లేదు. మీ బావని చేసుకుంటానని నేను ఒప్పుకున్నది కూడా నోటితో కాదు. మేస్త్రీ వెనకనుంచి ఆయన అడిగాడు, నూలు చుట్టే బాబిను చేతిలో పట్టుకుని నేను ఊపాను. నలభై ఏళ్ళు కాపురం చేశాను ఆ ఊపు మీద.

నీ ఊపు పట్టుకుని నేనేం చేశానో విను. ఆ గదిలో అద్దెకున్న బస్సు కండక్టర్ని లేవగొట్టాను. పాపం, ఎన్నేళ్ళనుంచో ఉన్నాడు, ఒక్క మాట అనిపించుకున్నవాడు కాదు. ఇప్పుడు ఎదురింటి పైన, వానొస్తే కారే గదిలో ఉంటున్నాడు. నన్ను చూస్తే పలకడు గానీ, నేను వాకిట్లోకి వచ్చినప్పుడల్లా గట్టిగా తుమ్ముతాడు. గదికి సున్నం కొట్టించాను. నీ మోకాళ్ళు మంచివి కావని మంచం కోళ్ళు కోయించాను. కోసిన కోళ్ళు మళ్ళీ అతకవు, గుర్తుపెట్టుకో. వీధిలో అందరికీ చెప్పాను. ఇస్త్రీ వదిన బండి మీద పెట్టె తోస్తూ రోజూ అడుగుతుంది: "ఏం సైరనమ్మా, ఇవాళైనా దిగుతోందా మీ మహారాణి?"

ఇప్పుడు మీ అమ్మాయి ఉత్తరం వచ్చింది. పది రోజులు ఉండేలా వస్తున్నారట. మళ్ళీ హాలట. తిరుగు టిక్కెట్లు కూడా తీసేశారట. తిరుగు టిక్కెట్లన్న మాట మాస్టారు చదివితే మళ్ళీ చదవమన్నాను. రెండోసారీ అదే ఉంది.

కాబట్టి నేను అడిగేది ఒక్కటే. నీ తిరుగు టిక్కెట్టు రద్దు చేయించు. లేదా "నేను తల ఊపలేదు" అని రాసి పంపు. ఆ రోజు హాల్లో ఇస్త్రీ వదిన కూడా ఉంది, ప్లేటు పట్టుకుని సోఫా ఎదురుగానే నిలబడింది, చూసింది. ఫోన్ చేసి కడిగేద్దామంటే నువ్వు ఎత్తవు. ఎప్పుడు చేసినా మీ అమ్మాయి ఎత్తి "అమ్మ పడుకుంది పెద్దమ్మా" అంటుంది. ఏ దేశంలోనమ్మా మనుషులు అంతసేపు పడుకునేది?

ఇట్లు,
నీ అక్క (వేలిముద్ర)


ఏడో అంతస్తు,
కిటికీ పక్క నుంచి

అక్కకి నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మాస్టారి దస్తూరి ఇప్పటికీ అచ్చు వేసినట్టే ఉంది, ఆయనకి నా నమస్కారాలు చెప్పు. నీ కోపం మాత్రం ఆ దస్తూరిలో ఇమడలేదు, అంచుల మీదకి వచ్చేసింది.

మేము మళ్ళీ మారాం. ఇది నాలుగో దేశం. మొదటిది ఇసుక, తర్వాతది వాన, మూడోదానిలో రోడ్డు దాటడమే రోజంతా పని, ఇది చలి. కొత్త విమానాశ్రయం కడుతున్నారు, అల్లుడికి పని వదలడం లేదు. ఇల్లు చిన్నదే గానీ ముచ్చటగా ఉంది. గుమ్మం దగ్గర ఎవరైనా గంట నొక్కితే హాల్లో ఎర్ర దీపం వెలుగుతుంది. అమ్మాయి పెట్టించింది. చూడటానికి బాగుంటుంది.

అక్కా, హాల్లో నువ్వు అడిగావంటున్నావు. నాకు సరిగ్గా గుర్తు లేదు. ఆ రోజు చాలామంది ఏవేవో అన్నారు, అందరికీ తల ఊపాను. అందులో నీ మాట కూడా కలిసిపోయి ఉంటుంది. కండక్టరు విషయం విని బాధేసింది. ఆయన్ని మళ్ళీ రమ్మనరాదా? పది రోజులకి నాకు గదెందుకు, హోటల్ ఎలాగూ మాట్లాడారు.

హాలు వద్దంటే అల్లుడు నొచ్చుకుంటాడు. అతని వైపు వాళ్ళూ ఉన్నారు కదా. కాసేపు ఓర్చుకో.

ఫోన్లు వద్దక్కా. ఉత్తరమైతే చేతిలో ఉంటుంది, నాలుగుసార్లు చదువుకుంటాను.

ఇంకో మాట. బావ చివరి రోజులు ఎలా గడిచాయో నువ్వు నాకు ఎప్పుడూ చెప్పలేదు. బాధపడ్డాడా, ఎవరినైనా అడిగాడా, ఏమీ తెలియదు. దూరాన ఉన్నదాన్ని, అడగడానికి మొహం చెల్లక ఊరుకున్నాను. వీలైతే రాయించు.

నీ
చిట్టి


మిల్లు వెనక వీధి,
మెట్ల పక్క ఇంటి నుంచి

చిట్టికి.

మాస్టారు నీ ఉత్తరం చదువుతూ చివరి మాట దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. ఆయన భయపడి కళ్ళజోడు తీసేశారు. ఇప్పుడు నిలబడే చెప్తున్నాను.

మీ బావ ఎలా పోయాడో నేను నీకు చెప్పలేదా? చెప్పలేదా నేను?

అదే సోఫా మీద, అదే రోజు, గది మాట అడగక ముందు చెప్పింది అదే కదే! ఊపిరి అందక కూర్చునే నిద్రపోయేవాడని చెప్పాను. దూది నుసి ఊపిరితిత్తుల్లో గూడు కట్టిందని డాక్టరు ఫొటో చూపించాడని చెప్పాను. ఆఖరి వారం నన్ను గుర్తుపట్టక, నన్నే "చిట్టి ఫ్రేము దగ్గర ఎవరున్నారు, దారం తెగిపోతోంది చూడు" అని అడిగేవాడని చెప్పాను. మరదలు నువ్వు, నీ పేరు తలుచుకున్నాడు, నా పేరు కాదు. ఆ మాట నీకు చెప్పాలని రెండేళ్ళు కడుపులో దాచుకున్నాను. చెప్పాను. నువ్వేం చేశావు? నవ్వావు.

నవ్వావే! తల ఊపి నవ్వి, కెమెరా వైపు తిరిగావు. ఆ ఫొటో ఇక్కడ గోడకి ఉంది. ఇస్త్రీ వదిన చూసి "ఎంత కళగా నవ్వింది మీ చెల్లెలు" అంటుంది. నాకే తెలుసు ఆ నవ్వు దేనికో. ఆ రోజే లేచి వచ్చేసేదాన్ని. తర్వాత గది మాట అడిగితే ఊపావు గనక, సరే, దుఃఖం ఎక్కువై అలా నవ్వి ఉంటావు, మనిషి మాత్రం వస్తానంటోంది కదా అని క్షమించాను. ఇప్పుడు ఊపిందీ గుర్తులేదు, విన్నదీ గుర్తులేదు! మరి అక్కడ కూర్చున్నది నువ్వేనా, లేక మీ అల్లుడు బెల్టు మీద పెట్టి తిప్పిన సూట్‌కేసా?

నాలుగు దేశాలు చూసిందానివి. పెద్దదానివైపోయావు. ఈ వీధిలో దూది నుసి తిన్నవాళ్ళ చావు నీకు కబురు కూడా కాదు. ఎర్ర దీపం ముచ్చటగా ఉందట!

మాస్టారు "కాస్త తగ్గించి రాయనా అమ్మా" అంటున్నారు. తగ్గించారంటే రేపటినుంచి నా కాఫీ ఆయనకి బంద్. అన్నది అన్నట్టే రాశారని ఆయన చేత పక్కన సంతకం పెట్టించాను.

గది తాళం వేశాను. నీకూ ఇవ్వను, కండక్టరుకీ ఇవ్వను. అందులో మంచం ఒక్కటే పొట్టిగా పడి ఉంటుంది.

సైరనమ్మ (వేలిముద్ర)


ఏడో అంతస్తు నుంచి

అక్కా,

మాస్టారు గారికి ముందుగా ఒక మనవి. ఈ ఉత్తరం మా అక్కకి తలుపు వేసి చదవండి. మీరు మెల్లిగా చదివినా ఆవిడ గట్టిగా జవాబిస్తుంది, అది నాకు తెలుసు. అయినా తలుపు వేయండి.

అక్కా, నాకు చెవులు వినపడవు.

రాసేశాను. ఇంత చిన్న మాటకి ఇన్ని నెలలు పట్టింది.

ఎప్పుడు పోయాయో నాకే తెలియదు. నువ్వు నమ్మవు, కానీ విను. ఇసుక దేశంలో దిగినప్పుడు చుట్టూ మాట్లాడేది ఏదీ అర్థమయ్యేది కాదు. భాష రాదు కదా అనుకున్నాను. వాన దేశంలో ఇంకో భాష, అక్కడా అంతే. అర్థం కానప్పుడు నవ్వి తల ఊపితే ఎవరూ ఆపి అడగరు, ముందుకు పోతారు. అది ఈ తిరుగుళ్ళలో నేను నేర్చుకున్న విద్య. బడి దగ్గర, బజారులో, లిఫ్టులో పక్కింటావిడతో, అంతటా అదే. ఇంట్లో మనవలు వాళ్ళ బడి భాషలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. అమ్మాయి ఎప్పుడూ హడావుడిలో ఉండి నా మొహం ముందుకి వచ్చి అరిచి చెప్పేది. ఇలా ఏళ్ళు గడిచాయి. వినపడక అర్థం కాలేదా, భాష రాక అర్థం కాలేదా అని విడదీసి చూసుకునే అవసరమే రాలేదు.

తెలిసింది ఆ హాల్లో. నువ్వు నా పక్కన కూర్చుని మాట్లాడుతున్నావు. నా అక్క, నా భాష. నీ గొంతు మిల్లు సైరన్ని మించుతుందని పేరు పెట్టారు. ఆ గొంతు నాకు రాలేదు. దూరంగా ఏదో బండి పోతున్నట్టు ఉంది, అంతే. అప్పుడు నాకు చేతనైంది ఒక్కటే. నవ్వి తల ఊపాను.

పెదాలు చూడొచ్చు కదా, మనం అలా పెరిగినవాళ్ళమే కదా అంటావు. చూశానక్కా. ఫొటోవాడు ఇటు తిరగండి, ఇటు తిరగండి అని చేతులు ఊపుతూనే ఉన్నాడు. తప్పించుకుని నీ వైపు చూస్తే, నీకు పళ్ళు లేవు. ఎప్పుడు తీయించుకున్నావో నాకు చెప్పలేదు. పళ్ళున్న నీ నోరు నాకు తెలుసు, ఫ్రేముకి అవతల ఉన్నా చదివేసేదాన్ని. ఈ నోరు నాకు కొత్త. పెదాలు లోపలికి పోయి, మాటలన్నీ ఒకేలా కనిపించాయి.

ఇక్కడికి వచ్చాక డాక్టరుకి చూపించారు. మిల్లు చెవులే, ఆ రొదకి పోయినవే అన్నాడు. చెవిలో పెట్టుకునే యంత్రం ఇచ్చారు. అది మాటని కాదు, రొదని పెంచుతుంది. పెట్టుకుంటే మళ్ళీ ఫ్రేముల మధ్య నిలబెట్టినట్టే. ఎర్ర దీపం అందుకే. నీకు చెప్పొద్దని అమ్మాయి చేత ఒట్టు వేయించుకున్నాను. నీకు చెప్తే వీధి మొత్తానికి చెప్పినట్టేనని. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా అది నా వైపు చూస్తూ నేను పడుకున్నానని చెప్పేది. నేను దాని ఎదురుగా కూర్చునే ఉండేదాన్ని.

బావ మాట నీ ఉత్తరంలోనే చదివాను. దారం తెగిపోతోంది చూడమన్నాడా? వంటింట్లో నిలబడి ఆ వరుసని నాలుగుసార్లు చదివాను.

చిట్టి


మిల్లు వెనక వీధి నుంచి

చిట్టీ,

తలుపు వేసే చదివారు. అయినా వీధికి తెలిసిపోయింది. అది నా తప్పు కాదు. మాస్టారు "నాకు చెవులు వినపడవు" అని చదివారు, "ఎవరికి?" అని నేను అడిగాను. ఆ ఒక్క మాటకే ఇస్త్రీ వదిన పెట్టె వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ఎవరిదో చొక్కా కాలింది. ఆవిడ అంటుంది, "మీ అక్కచెల్లెళ్ళిద్దరివీ మిల్లు చెవులేనమ్మా, నువ్వు మాత్రం ఎందుకు అరుస్తావనుకున్నావు?" అని. నాకు బాగానే వినపడుతుంది. వీధిలో వాళ్ళే మెల్లగా మాట్లాడతారు.

నీ మీద కోపం పోయిందని అనుకోకు. చెవులు పోయినందుకు కాదు, దాచినందుకు. కాలు విరిగితే దాస్తావా? కానీ న్యాయం న్యాయమే. అడిగిన మాట అందని ఊపు ఊపు కాదు. మిల్లులో కూడా అంతే, ఎదురుగా నిలబడి, పెదాలు కనపడేలా అడగాలి. పక్కనుంచి అడిగి తల ఊపించుకుంటే చెల్లదని మేస్త్రీ మీదే గొడవ చేసి గెలిచాం మనం. కాబట్టి హాల్లో నీ ఊపు రద్దు. రద్దని సాక్షుల ముందు చెప్తున్నాను. దాన్ని పట్టుకుని నిన్ను ఇంకేమీ అనను.

మళ్ళీ అడుగుతాను. ఎదురుగా కూర్చుని, పగటి వెలుతుర్లో అడుగుతాను. అందుకు పళ్ళు పెట్టించుకుంటున్నాను.

ఆ పళ్ళ డాక్టరుతో నా తిప్పలు నీకేం తెలుసు. ఒకసారి అచ్చు తీశాడు, చాలలేదన్నాడు. రెండోసారి తీశాడు, సహాయకురాలు పగలగొట్టింది. మూడోసారి పెట్టాడు, నోట్లో గుర్రప్పళ్ళు పెట్టినట్టుంది. "భోజనం చేయడానికి అలవాటవుతుంది లెండి" అన్నాడు. "భోజనానికి కాదు నాయనా, మాట్లాడ్డానికి" అన్నాను. "ఇప్పుడు బాగానే మాట్లాడుతున్నారు కదా, బయట కూర్చున్నవాళ్ళకీ వినపడుతోంది" అన్నాడు. వినడానికి కాదు, కనపడటానికి అని చెప్తే వాడికి బుర్రకెక్కలేదు. అద్దం ముందు నిలబడి పాత మాటలన్నీ అని చూసుకుంటున్నాను. దారం, ముడి, మేస్త్రీ వస్తున్నాడు, నవ్వకు. "నవ్వకు" అన్నప్పుడు పై పళ్ళు జారి కింద పడుతున్నాయి.

బొమ్మ కనపడే ఫోన్ ఉంది కదా అని ఇస్త్రీ వదిన తన ఫోన్లో మీ అమ్మాయికి కలిపింది. నీకు గుర్తుండే ఉంటుంది ఆ భాగోతం. నీ మొహం ముక్కలు ముక్కలుగా వచ్చింది, నుదురు ఒకచోట, గడ్డం ఒకచోట. నువ్వు నోరు తెరిచి అలా ఆగిపోయావు. ఏదో అయిపోయిందనుకుని నేను అరిచాను. ఇటు నా పెదాలు ఎప్పుడో కదిలితే అటు ఎప్పుడో చేరుతున్నాయట. ఫోన్ ఆవిడ చేతిలో పెట్టేశాను. నాకు ఎదురుగా మనిషి కావాలి.

హాలు మానిపించు. పది రోజుల్లో ఒక్క పగలు నాకు వదలమని మీ అల్లుడితో చెప్పు. గది తాళం తీశాను.

అక్క (వేలిముద్ర)


ఏడో అంతస్తు నుంచి

అక్కా,

తొందరలో రాస్తున్నాను. చుట్టూ అట్టపెట్టెలు.

పది రోజులు నాలుగయ్యాయి. అల్లుడికి ఇంకో దేశంలో పని మొదలవుతోంది, ఇటునుంచి ఇటే అక్కడికి. హాలు మానడం కుదరదట, అందరినీ పిలిచేశారు. అమ్మాయితో చెప్పాను, అది వాళ్ళాయనతో చెప్పింది, ఆయన పెదాలు నేను చదివాను. "అక్కడే కలుసుకుంటారు కదా ఇద్దరూ" అన్నాడు. చెడ్డవాడు కాదక్కా. పెట్టె ఇక్కడ ఎక్కితే అక్కడ దిగుతుందని నమ్మే మనిషి.

నీ పళ్ళు మర్చిపోకు.

చిట్టి


మిల్లు వెనక వీధి,
మెట్ల పక్క ఇంటి నుంచి

చెల్లెలికి.

మీరు వెళ్ళాక చెప్తున్నాను. విమానం దగ్గరికి నేను రాలేదు. కోపంతో రాలేదు. దాపరికం లేదు.

జరిగింది జరిగినట్టు రాయిస్తున్నాను, నాకూ నీకూ రేపు తేడా రాకుండా. నాలుగు రోజుల్లో ఒకటి మీరు నిద్రపోయారు, ఒకటి అల్లుడి వైపు వాళ్ళది, ఒకటి బజారుది. హాలు రోజు మిగిలింది. అక్కడ అదే సోఫా, అదే ఫొటోవాడు. వాడు "పెద్దమ్మగారూ ఇటు చూడండి" అంటుంటే నేను నీ చెయ్యి పట్టుకుని లేపి వెనక్కి లాక్కుపోయాను. "పెద్దమ్మా, ఇంకా వరుస ఉంది" అని మీ అమ్మాయి వెంటపడింది. "వరుసని నిలబడమను" అన్నాను. హాలు వెనక గిన్నెలు కడిగే చోటు. నీళ్ళ పైపు హోరు, పెద్ద పెద్ద గిన్నెలు దొర్లుతున్నాయి, అక్కడ ఎవరి మాట ఎవరికీ వినపడదు. రెండు బాల్చీలు బోర్లించి ఎదురెదురుగా కూర్చున్నాం. ఎన్నేళ్ళయిందో అలా కూర్చుని.

మీ బావ సంగతి మొదటినుంచి మళ్ళీ చెప్పాను, గొంతు లేకుండా. పై పళ్ళు వేలితో పట్టుకునే చెప్పాను. ఈసారి ఏడవాల్సిన చోట ఏడ్చావు. అది ముట్టింది నాకు, ఒప్పుకుంటున్నాను.

తర్వాత అడిగాను. ఉండిపోతావా అని. సరిగ్గా, నెమ్మదిగా, వెలుతురు నా మొహం మీద పడేలా తిరిగి అడిగాను.

నువ్వు తల అడ్డంగా ఊపావు.

ఎందుకని అడిగితే నువ్వు చెప్పింది ఇది. మాస్టారూ, ఇది సరిగ్గా రాయండి. "అక్కడ వినపడకపోయినా నాకు నష్టం లేదక్కా. ఆ మాటలు ఎలాగూ నావి కావు. ఇక్కడ అయితే నా మాటలు. వాకిట్లో, వీధిలో, రోజంతా నా చుట్టూ పోతూనే ఉంటాయి, ఒక్కటీ నాకు అందదు. పొద్దున లేస్తే రాత్రిదాకా పోగొట్టుకుంటూ కూర్చోవాలి. అది నా వల్ల కాదు" అన్నావు.

నేను జవాబు చెప్పేలోపు మీ అల్లుడు కారు తాళాలు ఊపుకుంటూ వచ్చాడు. నాకు కోపం వచ్చింది, నోట్లోంచి పళ్ళు తీసి కొంగులో కట్టుకుని ఇంటికి వచ్చేశాను. కాబట్టి నీకు ఇవ్వాల్సిన జవాబు నా దగ్గరే ఉండిపోయింది. ఇదీ ఆ జవాబు.

నాకు చదువు రాదు. పుట్టినప్పటినుంచీ రాదు. ఈ వీధిలో ఎటు చూసినా అక్షరాలే. బస్సు నుదుటి మీద, దుకాణాల మీద, మందు సీసా మీద, మిల్లు గేటు మీద, మీ బావ ఆస్పత్రి చీటీ మీద. అన్నీ నా భాషలోనే ఉన్నాయట. ఒక్కటీ నాకు అందదు. నేనూ పొద్దున లేస్తే రాత్రిదాకా పోగొట్టుకుంటూనే ఉన్నాను, డెబ్బై ఏళ్ళుగా. అక్షరాలు నావి కాని దేశం ఏదైనా ఉంటే అక్కడికి పోయి హాయిగా ఉంటానని నేను ఎప్పుడైనా అన్నానా? బస్సొస్తే పక్కవాణ్ణి అడిగాను. వాడు విసుక్కుంటే ఇంకోడిని అడిగాను. చీటీ పట్టుకుని డాక్టరు గది ముందు నిలబడి, చదివి చెప్పేదాకా కదలనన్నాను. నీ ఉత్తరాలు మాస్టారి నోట విన్నాను. నీ చెవుల సంగతి కూడా నాకంటే ముందు ఆయనకి తెలిసింది. సిగ్గేసిందా నాకు? వేసింది. అయినా ఇక్కడే ఉన్నాను.

నీకు అందనిది ఏముంది ఈ వీధిలో? చెప్తాను. పొద్దున్నే నీళ్ళ బండి హారను, దాని వెనక బిందెల గొడవ. ఇస్త్రీ వదిన వాళ్ళాయన్ని తిట్టే తిట్లు, అవి రోజుకో రకం, వినదగ్గవే. కండక్టరు తుమ్ము. మూల మీద మాస్టారి జిరాక్సు మిషను మూలుగు. మధ్యాహ్నం ఎవరో పాట పెడతారు, ఎవరో తగ్గించమంటారు. అంతే. ఇదంతా నేను వింటాను. విని, నీ ఎదురుగా కూర్చుని, నోటితో చూపిస్తాను. తిట్లు ఒక్కటీ వదలకుండా. నువ్వు గోడల మీద ఉన్నది నాకు చదివి పెట్టు. నా చెవులు నువ్వు వాడుకో, నీ చదువు నేను వాడుకుంటాను. నేను పోయాక నీ ఇష్టం, ఏ దేశానికి పోతావో పో, ఏ దీపం వెలిగించుకుంటావో వెలిగించుకో.

నువ్వు ఎదురుగా కూర్చుని చెప్పిన వద్దుని నేను ఒప్పుకున్నాను. ఆ తల అడ్డంగానే ఊగిందని ఎవరడిగినా చెప్తాను. కానీ నువ్వు చెప్పిన కారణాన్ని ఒప్పుకోను. అది కారణం కాదు, భయం. కారణమైనా మార్చుకో, జవాబైనా మార్చుకో. రెండూ అలాగే ఉంటే మాత్రం నేను ఊరుకోను. మళ్ళీ వచ్చినప్పుడు అడుగుతాను, ఆ తర్వాత వచ్చినప్పుడూ అడుగుతాను.

కింది పళ్ళు ఇంకా గుచ్చుతున్నాయి. రేపు ఆ డాక్టరు పని పడతాను.

పైన చెప్పినదంతా నాకు చదివి వినిపించగా, సరిగ్గా ఉందని ఒప్పుకుని పెట్టిన ఎడమ బొటనవేలి ముద్ర:

సైరనమ్మ

సాక్షులు:
టైపు మాస్టారు. ఒక్క మాట తగ్గించలేదు, కాఫీ తాగాను.
ఇస్త్రీ వదిన. రెండుసార్లూ చూశాను, మొదటిసారి సోఫాలో నిలువుగా, రెండోసారి గిన్నెల దగ్గర అడ్డంగా.
కండక్టరు. గది తిరిగి అడగను, వాన పడ్డప్పుడు సామాను పెట్టుకోనిస్తే చాలు.